పచ్చి, ఎండు, మా టీచర్ గారు

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి నల్ల తెర మీద ఒక వరస టైపు చేసి, ఎంటర్ కొట్టబోతూ ఆగింది. రెండు చేతులూ మీటల మీద నుంచి తీసి గాల్లోకి ఎత్తింది. తెర మీదున్న వరసను మొదటి నుంచి చివరిదాకా పైకి చదివింది. "ఎక్కడున్నాం? పచ్చిలో ఉన్నాం" అని తనే అడిగి తనే జవాబు చెప్పుకుని, అప్పుడు కుడిచేతి చిటికెన వేలితో ఎంటర్ నొక్కింది.

నేను టీ గ్లాసు పట్టుకుని వెనకాలే నిలబడి ఉన్నాను. "ఎవరు నేర్పారమ్మా నీకిది?" అని అడిగాను.

"ఎవరూ నేర్పలా సార్. ఇక్కడ అందరూ ఇట్టాగే చేస్తారుగా" అంది ఆ అమ్మాయి.

ఆ అమ్మాయి మా టీచర్ గారిని చూడలేదు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. నాకు ముందు నవ్వొచ్చింది. టీ పక్కన పెట్టేసి నా కుర్చీలో కూర్చుండిపోయాను. ఆవిడ గురించి నాలుగు మాటలు రాయకపోతే ఇవాళ నాకు పని సాగదని అర్థమైంది.

మా ఆఫీసు గుంటూరులో, మిర్చి యార్డుకు దగ్గర్లో, ఒక పురుగుమందుల షాపు పైన ఉంటుంది. కాయ వచ్చే రోజుల్లో కొత్తవాళ్ళు మా ఆఫీసులో వారం రోజులు తుమ్ముతూనే ఉంటారు. మేం చేసేది ఒక యాప్. మిర్చి బస్తాలు కోల్డ్ స్టోరేజీకి తెచ్చే రైతు గేటు ముందు ట్రాక్టర్ పెట్టుకుని రోజుల తరబడి పడిగాపులు పడకుండా, పొద్దున్నే ఫోన్‌లో తన వంతు తీసుకుని, ఆ వేళకు బయల్దేరే ఏర్పాటు అది. రైతుకు ఫోన్‌లో కనపడేది యాప్ ముందు భాగం. పేర్లు దాచేదీ, వంతులు వేసేదీ, గేటు దగ్గర వాచ్‌మన్‌కు జాబితా పంపేదీ వెనక భాగం. మేం బ్యాకెండ్ అంటాం. అది మా ఆఫీసులో ఉండదు. ఎక్కడో బొంబాయిలో అద్దె మిషన్ల మీద నడుస్తూ ఉంటుంది. దాన్ని లేపాలన్నా, ఆపాలన్నా, మార్చాలన్నా ఇక్కడ మేం నల్ల తెర మీద ఒక వరస టైపు చేసి ఎంటర్ కొట్టాలి. బొమ్మలుండవు, బటన్లుండవు. రాసింది రాసినట్టు చేస్తుంది. మంచికైనా అంతే, చెడ్డకైనా అంతే.

నేను చేరేనాటికి ఆ నల్ల తెర మొత్తం ఒక టైపు టీచరమ్మ చేతిలో ఉంది.

ఆవిడది ఒంగోలు పక్కన కొత్తపట్నం. గుంటూరులో చాలా ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. ఊళ్ళో సగం ఆఫీసుల గుమాస్తాలు ఆవిడ దగ్గర టైపు నేర్చుకుని లోయరో హయ్యరో పరీక్ష కట్టినవాళ్ళే. మిషన్ల మీద టైపు కొట్టేవాళ్ళు కరువై ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక, రైతుల పేర్లు ఎక్కించే పనికి మా ఆఫీసులో చేరారు. అప్పటికే యాభై దాటాయి. యాప్ కట్టిన కుర్రాళ్ళు నల్ల తెర మీద కొడుతుంటే వెనక నిలబడి కొన్నాళ్ళు చూసి, "ఇది మా మిషనే గదయ్యా. కాగితం లేదంతే" అన్నారట. ఆ కుర్రాళ్ళు ఒక్కొక్కరే హైదరాబాదు బస్సెక్కారు. కుర్చీ ఆవిడకు మిగిలింది.

నూలు చీర, ముడి, మణికట్టు లోపలి వైపుకు తిప్పి కట్టుకున్న గడియారం. ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పేవారు కాబట్టి, సోమవారం పొద్దున మాతో కూడా కొంచెం ఆ గొంతుతోనే మాట్లాడేవారు. బుధవారం బుధవారం కొత్తపట్నం నుంచి చెల్లెలు పంపిన చేపల పులుసు తెచ్చేవారు. ఆ రోజు ఆఫీసులో ఎవరూ సెలవు పెట్టిన గుర్తు లేదు నాకు.

మౌసు ముట్టేవారు కాదు. దాన్ని వెల్లకిలా తిప్పి, ఫ్యానుగాలికి కాగితాలు ఎగరకుండా పైన పెట్టుకునేవారు. ఒక అక్షరం తప్పు పడితే ఆ ఒక్కటీ చెరిపి ఊరుకునేవారు కాదు, వరస మొత్తం చెరిపేసి మొదటి నుంచి కొట్టేవారు. "ఒక చోట తప్పు పడిందంటే నీ మనసు అక్కడ లేదన్నమాట. మిగతావి మాత్రం సరిగా పడ్డాయని ఏం నమ్మకం?" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. ఇంజనీరింగు చదివొచ్చినవాణ్ణి, ఒక్కసారి చెరిపే మీట నొక్కితే అయ్యేదానికి ఈ చాదస్తమేంటని.

మొదటి రోజే నా చేతుల మీద పడ్డారు. కాసేపు నా వేళ్ళ వంక చూసి అడిగారు.

"ఏం బీటెక్కూ, నీకు వేళ్ళెన్ని?"

"పదండి."

"మరి రెంటితోనే కొడుతున్నావేందయ్యా? మిగతా ఎనిమిదీ చుట్టపుచూపుగా వచ్చాయా?"

ఆఫీసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. బ్యాగులోంచి ఒక పెద్ద జేబురుమాలు తీసి నా చేతుల మీద కప్పారు. ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలు మీటల వంక చూడకుండా ఉండటానికి అట్లా కప్పేవారట. బీటెక్ ఫస్ట్ క్లాసులో పాసైన నేను నెల రోజులు చేతుల మీద రుమాలు వేసుకుని పని చేశాను.

బొంబాయి మిషన్‌తో ఆవిడ మాట్లాడే తీరు వేరు. పొద్దున రాగానే యాప్ క్షేమంగా ఉందో లేదో చెప్పే వరస కొట్టి, "ఏవయ్యా, లేచావా?" అని అడిగేవారు. తెర మీద పచ్చగా జవాబు వస్తే "సుఖంగా ఉండు" అనేవారు. యాప్‌లో ఏ నిమిషాన ఏం జరుగుతున్నదో తెర మీద వరసలు వరసలుగా పోతుంటే, మజ్జిగ తాగుతూ వాటిని చదివి మాకు కబుర్లు చెప్పేవారు. "ఇదుగో, ప్రత్తిపాడు నుంచి ఎవరో నాలుగుసార్లు పాస్‌వర్డ్ తప్పు కొట్టాడు. ఐదోసారి వాళ్ళావిడను పిలిచినట్టున్నాడు, వెళ్ళిపోయాడు లోపలికి."

మా బ్యాకెండ్ రెండుచోట్ల ఉండేది. ఒకటి మేం ప్రయోగాలు చేసుకోవడానికి, రెండోది రైతులు వాడేది. వాటికి మిర్చిని బట్టి పేర్లు పెట్టింది ఆవిడే. పాడైనా ఫరవాలేనిది పచ్చి, పాడైతే కొంపలు మునిగేది ఎండు. పచ్చిలోకి అందరికీ దారి ఉంది. ఎండులోకి వెళ్ళే లాగిన్ ఆవిడ పేరు మీద మాత్రమే ఉంది. అందుకే చేతులు పైకెత్తడం, పైకి చదవడం, "ఎక్కడున్నాం?" అని అడగడం. ఆ ప్రశ్నకు ఆఫీసులో ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. నా వంతు వచ్చినప్పుడు నేను మూతి ముడుచుకుని "ఎండులో" అనేవాణ్ణి.

ఇంకొకటి కూడా ఉంది. తీసెయ్యమని ఏదైనా వరస కొడితే, మిషన్ ఒకసారి "నిజంగానే తీసెయ్యమంటావా?" అని అడుగుతుంది. వరస చివర రెండు గీతలు గీసి ఒక మాట చేరిస్తే అడక్కుండానే తీసేస్తుంది. నేను దాన్ని కనిపెట్టి, చాలా పెద్ద విద్య నేర్చినట్టు ఆవిడకు చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "అడిగేవాడి నోరు నొక్కటం కూడా ఒక చదువేనా?" అన్నారు. నేను ఆవిడ ఎదట మాని, ఆవిడ లేనప్పుడు వాడుకుంటూ వచ్చాను.

అది మా యాప్‌కు మొదటి సీజను. అప్పటికి చిలకలూరిపేట రోడ్డులో ఒక్క కోల్డ్ స్టోరేజీకే పనిచేస్తున్నాం. ఆ రోజు పొద్దున్నుంచే ఆకాశం మసక వేసింది. సాయంత్రానికి వాన అన్నారు. కళ్ళాల్లో ఎండుకాయ ఉన్న రోజుల్లో ఆ మాట వింటే మా వైపు మనుషులకు అన్నం సహించదు. మాది ప్రత్తి పండించే ఇల్లు, ఆ బాధ నాకు తెలియనిది కాదు. పొద్దున ఆరింటికి వంతులు తెరిస్తే అరగంటలో అన్నీ అయిపోయాయి. నలభై ఆరు ట్రాక్టర్లు. గేటు తెరిచేది పదింటికి.

తొమ్మిదిన్నరకు నా సిస్టమ్‌కు కరెంటు ఆగిపోయింది. టీచర్ గారి స్కూటీ లారీకి అడ్డంగా ఉందని కింద షాపువాళ్ళు కేకేస్తే, ఆవిడ దిగి వెళ్ళారు. పచ్చిలో నేను చెత్తచెత్తగా పెంచిన దాన్ని మొత్తం ఊడ్చి కొత్తది పెట్టాలి. ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది. వెళ్ళి కూర్చుని, తీసెయ్యమనే వరస కొట్టి, చివర నా రెండు గీతల విద్య తగిలించి, ఎంటర్ కొట్టాను. చేతులు ఎత్తలేదు, చదవలేదు, ఎక్కడున్నానో అడగలేదు. ఆవిడ లేచి వెళ్ళేముందు ఎండులో ఉండి వంతులు చూసుకుంటున్నారు.

తెర నాలుగు వరసలు గబగబా చెప్పింది. నాలుగో వరసలో ఎండు అని ఉంది.  ఆఫీసు ఫోను మోగింది. ఎత్తకముందే రెండో ఫోను మోగింది.

టీచర్ గారు మెట్లెక్కి వచ్చేసరికి నేను కుర్చీలోనే ఉన్నాను. "పోయిందండి. ఎండు పోయింది. నేనే కొట్టాను" అన్నాను. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తెర వంక చూశారు, గడియారం చూశారు, "లే" అన్నారు. కూర్చుని, సొరుగులోంచి పొడుగాటి నోటుపుస్తకం తీశారు. ఎండులో తను కొట్టిన ప్రతి వరసా తేదీ వేసి చేత్తో అందులో రాసుకునేవారు. మొదటి పేజీ తీసి మొదటి వరస నుంచి కొట్టడం మొదలుపెట్టారు. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఆవిడ వేళ్ళు ఎప్పుడూ ఎంత వేగంగా ఆడతాయో అంతే వేగంగా ఆడాయి. ప్రతి వరసకూ చేతులు ఎత్తారు, చదివారు. ఇంత ముంచుకొచ్చాక కూడా చదవాలా అని నాకు ప్రాణం కొట్టుకుపోతోంది.

ముప్పావు గంటలో యాప్ లేచింది. రోజూ తెల్లవారుజామున ఐదింటికి తీసి దాచే నకలు నుంచి రైతుల పేర్లు, ఫోన్లు, పాత వివరాలు అన్నీ వచ్చాయి. రానిది ఒక్కటే. ఆరింటి తర్వాత తీసుకున్న ఆ రోజు వంతులు. ఆ నలభై ఆరు మందీ ఎవరెవరో, ఎవరి తర్వాత ఎవరో బొంబాయిలో లేదు, గుంటూరులో లేదు. గేటు దగ్గర ట్రాక్టర్లు చేరుతున్నాయి, వాచ్‌మన్ గేటు తెరవనంటున్నాడు. వాన రాకముందు లోపలికి వెళ్ళాలని అక్కడ అప్పటికే తోపులాట మొదలైంది.

"ఫోన్ చేసి అడుగుదామంటే వంతు తీసుకుంది ఎవరో తెలియదు గదండీ" అన్నాను. 

"వాళ్ళే చేస్తున్నారు గదయ్యా" అన్నారావిడ, మోగుతున్న ఫోను చూపించి. "వంతు ఉన్నవాడే గదా పోయిందని తిట్టేది. ఎత్తు. తప్పు నాదేనండి అని మొదలుపెట్టు. తిట్టినంతసేపు తిట్టనీ. తర్వాత పేరడుగు. నీ ముందెవరని అడుగు."

నంబరు అడగమనలేదు. మా వైపు రైతు దగ్గర ఎన్నో నంబరంటే తడుముకుంటాడు. గేటు ముందు నిలబడే రోజుల్లో, ముందున్న మనిషి మొహం గుర్తు పెట్టుకుని అన్నానికి వెళ్ళి, తిరిగొచ్చి ఆ మనిషి వెనక నిలబడటమే అలవాటు. యాప్ వచ్చినా ఆ అలవాటు పోలేదు, నా ముందెవరో తెలియకుండా ఇదేం వంతని గొడవ చేశారు. అందుకని వంతు తీసుకోగానే ముందున్నవాళ్ళ పేరూ ఊరూ ఫోన్‌లో కనపడేట్టు పెట్టాం. నంబరు మర్చిపోతారేమో గాని, ఆ పేరు మర్చిపోరు.

ఫోను ఎత్తాను. "తప్పు నాదేనండి" అన్నాను.

"నీదైతే నువ్వొచ్చి కాయ మీద పట్టా కప్పుతావా?" అన్నాడు అవతలాయన. ఇంకా చాలా అన్నాడు. అయ్యాక పేరు చెప్పాడు. "నా ముందా? పెదనందిపాడు వెంకటేశ్వర్లు. ఆయన ముందెవరో ఆయన్నే అడుగు."

ఒకాయన నన్ను తిట్టి, నన్ను కన్నవాళ్ళను తిట్టి, అంతలోనే "అన్నం తిన్నావా అబ్బాయ్, గొంతు అట్టా ఉందేంది?" అని అడిగాడు. ఇంకొకాయన "తప్పు నాదే అన్నవాణ్ణి ఏమని తిడతాం, పేరు రాసుకో" అని సగంలో వదిలేశాడు. నేను చెప్పే పేర్లు టీచర్ గారు చిన్న చిన్న చీటీల మీద రాసి బల్ల మీద పేరుస్తున్నారు. ముక్కలు ముక్కలుగా వరసలు కలుస్తూ వచ్చాయి. చివరికి ఒక చోట ఆగింది. ఇద్దరు తమ ముందు కోటయ్య ఉన్నాడంటున్నారు. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. ఇద్దరిదీ ఒకే ఊరు.

"ఆ మగాయనకు ఫోన్ కలుపు" అన్నారు టీచర్ గారు. కలిపి స్పీకరు పెట్టాను.

"కోటయ్య వెనక ఇద్దరెట్టా ఉంటారండీ? ఆవిడ కూడా ఆయన పేరే చెబుతుంది" అన్నారావిడ.

"ఆవిడా? ఆవిడ మా అక్కేనండి. నాకూ కోటయ్యకూ మధ్యలో ఉంది. ఇంట్లో మనిషే గదా, వేరే చెప్పేదేముందని చెప్పలా."

"పొలం ఒకటేనా?"

"లేదండి. ఆవిడది వేరే."

"బస్తాలు?"

"అవీ వేరేనండి."

"పొయ్యి?"

"అదీ వేరే."

"అన్నీ వేరైనప్పుడు వంతొక్కటి కలిసిపోయిందా నాయనా?"

 "రాసుకోండమ్మా. అక్క ముందు, నేను వెనకాల" అన్నాడు. టీచర్ గారు అక్క చీటీని మధ్యలోకి జరిపారు. నలభై ఆరు చీటీలు వరసలో కూర్చున్నాయి. ఆవిడ చదువుతుంటే నేను ఒక్కొక్కటీ ఎక్కించాను, పది వేళ్ళతో. పదకొండున్నరకు గేటు తెరిచారు.

వాన నాలుగింటికే వచ్చేసింది. చివరి రెండు ట్రాక్టర్లు అప్పటికి ఇంకా గేటు బయటే ఉన్నాయి. పట్టాలు కప్పుకున్నారు గాని, పై వరస బస్తాలు కొన్ని తడిశాయి. వాచ్‌మన్ ఆ మాట ఫోన్‌లో చెప్పాడు. ఆ ఇద్దరికీ టీచర్ గారు నా చేత మళ్ళీ ఫోన్ చేయించారు.

సింగరాయకొండలో బంధువుల పెళ్ళికి వెళ్ళిన మా ఓనరు ఐదింటికి తడుస్తూ వచ్చాడు. ఎవరితో మాట్లాడకుండా తెర ముందు కూర్చుని రికార్డు తెరిచాడు. ఏ పని ఎవరి లాగిన్‌తో జరిగిందో అందులో ఉంటుంది.

"టీచర్ గారూ, మీ పేరుందండీ ఇక్కడ" అన్నాడు. ఆయన గొంతులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ ఉంది.

అక్కడ నేను నోరు మెదపకపోతే సరిపోయేది. ఆవిడను ఎవరూ ఏమీ అనరు, నా ఉద్యోగం నిలుస్తుంది. చేరి అప్పటికి ఆరు నెలలు. టీచర్ గారు నా వైపు చూడటం లేదు. చీటీలన్నీ దొంతర పెట్టి రబ్బరు బ్యాండు వేసుకుంటున్నారు. కాని పొద్దున్నుంచి నలభై ఆరు మందికి ఒకటే మాట చెప్పి ఉన్నాను. నలభై ఏడోసారి అది నేను ఆలోచించేలోపే బయటికి వచ్చేసింది.

"తప్పు నాదేనండి. ఆవిడ కిందికి వెళ్ళినప్పుడు ఆ కుర్చీలో కూర్చుని నేనే కొట్టాను."

ఓనరు నన్ను కింద నుంచి పైకి చూశాడు. "రేపట్నుంచి రాబాకు" అన్నాడు.

"రేపు రాకపోతే ఎట్టాగండీ?" అన్నారు టీచర్ గారు. "ఎండులోకి ఇతని పేరు మీద లాగిన్ తెరుద్దామనుకుంటున్నా."

"ఇతనికా? పడగొట్టినవాడికా?"

"పడగొట్టినవాడు ఈ ఆఫీసులో ఇతనొక్కడే గదా. ఇంక ఈ జన్మలో చదవకుండా ఎంటర్ కొట్టడు. మిగతావాళ్ళ సంగతి నేను చెప్పలేను. నా సంగతి కూడా చెప్పలేను."

ఓనరు లేచాడు. జేబురుమాలుతో తల తుడుచుకుని, "మీ ఇష్టమండి" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నాకు అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. చిన్నపిల్లాడిలా ముక్కు ఎగబీలుస్తూ నిలబడ్డాను. టీచర్ గారు కుర్చీ ముందుకు లాక్కుని మీటల మీద చేతులు పెట్టారు.

"ఏడుపు తర్వాత" అన్నారు. "ముందు నీ పూర్తి పేరు చెప్పు. లాగిన్ తెరవాలి."